సోలాపూర్‌లో దానిమ్మ రమ్ము

సోలాపూర్ అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది దుప్పటి. పెళ్ళిలో పెట్టిపోతలకీ, రైల్లో బెర్తు మీద పరుచుకోవడానికీ, పసిపిల్లకి ఉయ్యాల కట్టడానికీ అదే దుప్పటి పనికొచ్చిన రోజులు నాకు బాగా తెలుసు. అయితే నాకు ఆ ఊరి పేరు వినగానే ముందు ఒక వాసన గుర్తుకొస్తుంది. తునికాకు, గంజి పట్టిన నూలు, మగ్గాలకు వేసే నూనె, ఈ మూడూ కలిసిన వాసన. గడచిన చలికాలం నుంచి దానికి నాలుగోది తోడయింది. అది రమ్ము వాసన. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఈ మాటేమిటని కనుబొమలు ముడవకండి. ముందు చదవండి, ఆ తర్వాత తిట్టినా పడతాను.

నేను 2003 నుంచి 2006 వరకు సోలాపూర్‌లో మా బ్యాంకు బ్రాంచిలో ఆఫీసరుగా పనిచేశాను. బి.కాం. చదివి, పరీక్షలు రాసి, బ్యాంకులో చేరిన అందరిలాగే నేనూ బదిలీ కాగితం చూసి మొహం వేలాడేసుకున్నాను. మరాఠీ రాదు, ఊరు తెలియదు. మొదటిరోజు కౌంటరు దగ్గర ఒక పెద్దాయన పాసుబుక్కు అందిస్తూ, "సారూ, జర గిండ్ల పైసలు ఎక్కిచ్చుండ్రి" అన్నాడు. ప్రాణం లేచివచ్చింది. అప్పుడు తెలిసింది, నేను పరాయి రాష్ట్రానికి వచ్చాను కానీ పరాయి ఊరికి రాలేదని.

ఊరి తూర్పు భాగమంతా మనవాళ్ళే. అశోక్ చౌక్, కన్నా చౌక్, దాజీ పేట, భద్రావతి పేట, సాఖర్ పేట, ఏ సందులోకి వెళ్ళినా తెలుగే. నిజాం రాజ్యంలోని మన పల్లెల నుంచి చేమగ్గం పని తెలిసిన పద్మశాలీలు తరతరాలుగా అక్కడికి వలస వెళ్ళారు. 1877లో మొదలైన జూనీ మిల్లు, ఆ తర్వాత వచ్చిన లక్ష్మీ, విష్ణు, నర్సింగ్ గిర్జీ మిల్లులు వాళ్ళకి కూడు పెట్టాయి. ఆ మిల్లులన్నీ ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇళ్ళ పక్క షెడ్లలోని పవర్‌లూమ్‌లు మిగిలాయి. జకార్డు అట్టల మీద నెమళ్ళూ, పూలూ నేసే ఆ దుప్పటికి 2005లో జి.ఐ. గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చేసరికి చాలా షెడ్లు దుప్పటి వదిలి టెర్రీ టవళ్ళకు మారిపోయాయి. మన దేశంలో గౌరవాలు కొంచెం ఆలస్యంగా వస్తాయి లెండి.

వాళ్ళ తెలుగులో సగం మరాఠీ, పావు కన్నడం, అక్కడక్కడ ఉర్దూ. శ్రావణ పౌర్ణమినాడు మార్కండేయుడి రథం బయలుదేరితే ఆ పేటలన్నీ కరీంనగరమో నల్లగొండో అయిపోతాయి. మగవాళ్ళు మగ్గం మీద ఉంటే ఆడవాళ్ళు గడపలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. రేకు ఫర్మా పెట్టి తునికాకు కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇదంతా చూపు పక్కకు తిప్పి మాట్లాడుతూనే చేస్తారు. మా బ్రాంచిలో సేవింగ్సు ఖాతాల్లో పది, ఇరవై రూపాయల జమలు ఎక్కువగా ఈ చేతులవే.

సరే, అసలు విషయానికి వస్తాను.

క్రిందటి నవంబరులో ఒక ఫోను వచ్చింది. "సార్, నేను ఫలానా ఆమె కొడుకును. మీరు మా బ్రాంచిల ఉన్నప్పుడు నేను సిన్నపోరణ్ణి. కౌంటర్ మీద ఎక్కితే మీరు నాకు పెన్నిచ్చిన్రు" అన్నాడు. పెన్ను సంగతి నాకు గుర్తులేదు. వాళ్ళమ్మ మాత్రం బాగా గుర్తుంది, ఎందుకో తర్వాత చెబుతాను. కుర్రాడు ఫుడ్ టెక్నాలజీ చదివి, పూణే దగ్గర పానీయాలు చేసే ఒక కంపెనీలో నాలుగేళ్ళు పనిచేశాడు. ఇప్పుడు సొంతంగా ఏదో పెడతాడట. ప్రాజెక్టు రిపోర్టు రాశాడు, ఒకసారి నన్ను చూసిపెట్టమన్నాడు. ఏం వస్తువు అని అడిగితే కాస్త తటపటాయించి, "పండ్ల రుచి రమ్ము సార్" అన్నాడు.

హైదరాబాదు నుంచి సోలాపూర్ మూడువందల కిలోమీటర్ల చిల్లర. జహీరాబాదు, హుమ్నాబాదు, ఉమర్గా, నల్దుర్గ్ దాటుకుంటూ బస్సులో వెళ్ళాను. నల్దుర్గ్ దాటాక దారి పొడుగునా రెండే పంటలు కళ్ళకు కట్టాయి, చెరకూ దానిమ్మా. వాన తక్కువైన నేల మీద నీళ్ళు తాగే చెరకు ఇంత ఎందుకు వేస్తారన్నది పెద్ద పంచాయితీ, దాని జోలికి నేను పోను. కానీ ఆ ఒక్క జిల్లాలోనే ముప్పైకి పైగా చక్కెర ఫ్యాక్టరీలు ఉన్నాయి. దానిమ్మకైతే ఊరి శివార్లలో కేగావ్ దగ్గర 2005లో వచ్చిన జాతీయ పరిశోధనా కేంద్రమే ఉంది. సోలాపూర్ దానిమ్మకు 2016లో జి.ఐ. కూడా వచ్చింది. కుర్రాడి ఆలోచన ఎక్కడ పుట్టిందో బస్సు కిటికీలోంచే అర్థమైంది.

రమ్ము అంటే ఏమిటో తెలియని అమాయకులు మనలో ఉంటారని కాదు, అయినా రెండు ముక్కలు చెప్పనివ్వండి. చెరకు గానుగాడి చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డి ఉంటుంది, దాన్నే మొలాసిస్ అంటారు. టన్ను చెరకుకి నలభై కిలోల పైచిలుకు వస్తుంది. దాన్ని పులియబెట్టి బట్టీ పెడితే టన్ను మడ్డికి సుమారు 220 నుంచి 250 లీటర్ల స్పిరిట్ దిగుతుంది. దాన్ని పీపాల్లో పెట్టి మాగేస్తే రమ్ము. మనదేశంలో సీసా మీద 42.8 శాతం అని ఉంటుందే, అదీ సంగతి.

కుర్రాడు నన్ను నేరుగా ఇంటికి తీసుకుపోలేదు. భద్రావతి పేట వెనక ఒక మూతపడ్డ మగ్గాల షెడ్డులోకి తీసుకువెళ్ళాడు. స్నేహితుడిదట. నాలుగు మగ్గాలు గుడ్డ కప్పుకుని పడుకున్నాయి. పైన జకార్డు అట్టలు ఇంకా వేలాడుతున్నాయి. మగ్గం పక్కన బల్ల మీద ఎనిమిది గాజు సీసాలు, ఒక్కోదానికి చీటీ. దుకాణంలో బిల్లుతో కొన్న మామూలు రమ్ములో రకరకాల పండ్లు నానబెట్టి చేసిన నమూనాలు. "పర్మిట్ ఉందా?" అని అడిగాను. జేబులోంచి తీసి చూపించాడు. మహారాష్ట్రలో ఇప్పటికీ చట్టం పేరు మద్యనిషేధ చట్టమే, 1949 నాటిది. తాగేవాడి దగ్గర పర్మిట్ ఉండాలి, రమ్ముకైతే ఇరవైఅయిదేళ్ళు నిండాలి. నిషేధం పేరున్న చట్టం కిందే ఇంత వ్యాపారం నడవడం చూస్తే, పద్దు ఒక పేరు మీద, లావాదేవీ ఇంకో పేరు మీద నడిచే ఖాతా గుర్తుకొచ్చింది నాకు.

నేను సన్యాసిని కాను, తాగుబోతునూ కాను. రిటైరైపోతున్న మేనేజర్ల వీడ్కోలు విందుల్లో అరగ్లాసు దగ్గర ఆగేవాణ్ణి. పక్కన ప్లేటులో జొన్న కడక్ రొట్టె ముక్కలు, సోలాపూర్ వేరుశనగ చట్నీ పెట్టాడు. ఆ చట్నీ ఒక్కటి ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. స్పూనుతో ఒక్కోటి రుచి చూశాను.

మొదటిది దానిమ్మ గింజలది. రంగు ముచ్చటగా ఉంది కానీ రుచి పలచన. గింజల్లోని నీరు రమ్మును పలచన చేస్తుందనీ, ఆ ఎరుపు కూడా కొన్నివారాలకు ఇటుకరంగులోకి తిరుగుతుందనీ చెప్పాడు. రెండోది దానిమ్మ తొక్కది. తొక్కా! మనం చెత్తబుట్టలో వేసేది. రెండురోజులు మాత్రమే నానబెట్టి తీసేశాడట. అంతకు మించితే నోరు పీక్కుపోయే వగరు. రెండురోజుల దగ్గర ఆగితే తాంబూలం నమిలినట్టు ఒక నిండుతనం వచ్చింది. మూడోది బార్షీ తాలూకా గోర్మాళె ఊళ్ళో పుట్టిన బంగారురంగు సీతాఫలంది. అది బాగాలేదు, పాయసంలో మందు కలిపినట్టుంది. డ్రాగన్ ఫ్రూటుది రంగు మహారాణి, రుచి మంచినీళ్ళు. ఎండు రేగుపండుది మాత్రం నన్ను మా అమ్మమ్మ ఇంటి అటక మీదికి తీసుకుపోయింది. ఇంకొకటి చింతకాయా మిరియాలూ. ఆఖరిది వేయించిన పాలజొన్న. చలికాలంలో చేలల్లో కంకులు కాల్చుకు తింటారే, అక్కడ హుర్డా అంటారు, ఆ జొన్నలు. నమ్ముతారో నమ్మరో, ఎనిమిదింటిలో నాకు నచ్చినవి తొక్కా, రేగూ, ఈ జొన్నా. ఖరీదైన పండ్లన్నీ ఓడిపోయాయి.

"ఇట్లాంటివి కొనేవాళ్ళు ఉంటారా?" అన్నాను. ఉన్నారని కాగితాలు ముందు పెట్టాడు. గోవాలో చేసే కొబ్బరి రమ్ము 'కాబో' చాలాకాలంగా అమ్ముడవుతోంది. మామిడి-మిరపకాయ రుచితో బకార్డీ రమ్ము మన దేశపు దుకాణాల్లోకే వచ్చింది. ఫ్రాన్సు వాళ్ళు అనాసపండు తొక్కను రమ్ముతో కలిపి బట్టీ పట్టి, గుజ్జును నెలల తరబడి నల్లరమ్ములో నానేసి అమ్ముతున్నారట, దాని పేరు 'స్టిగిన్స్ ఫాన్సీ'. ఆ పేరు వినగానే నాకు నవ్వొచ్చింది. డికెన్స్ రాసిన 'పిక్విక్ పేపర్స్' లో స్టిగిన్స్ అని ఒక బోధకుడు ఉంటాడు. మద్యపాన నిరోధక సంఘంలో ఉపన్యాసాలిస్తూ, ఇంట్లో అనాస రమ్ము పట్టించే పెద్దమనిషి. ఆ పుస్తకం వచ్చింది 1836-37 లలో. అంటే పండ్ల రమ్ము కొత్తదని మనం అనుకుంటున్నామే కానీ దానికి రెండువందల ఏళ్ళు దగ్గర పడ్డాయి.

నిజానికి ఇంకా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడని ఒక అధికారి ఉన్నాడు, ఇప్పటి ఎక్సైజు కమిషనరన్నమాట. అక్కడ మామిడిరసం కలిపిన సహకారసుర ఉంది. బెల్లంతో పాటు పిప్పళ్ళూ మిరియాలూ వేసే మైరేయం ఉంది. చరకుడు ఎనభైనాలుగు రకాల ఆసవాలు లెక్కపెట్టాడు. మన ఇళ్ళల్లో బాలింతలకు పట్టే దశమూలారిష్టంలోనూ పులిసి పుట్టిన ఆల్కహాలే ఉంటుంది, అది మందు గనుక మనం కళ్ళు మూసుకుంటాం. ఇక మన కోరంగి రేవులో ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు కూలికిపోయిన తెలుగువాళ్ళున్నారు. ఆ పక్కనే ఉన్న రీయూనియన్ దీవిలో లిచీ, అనాస, వెనిలా కాయ, ఫహామ్ అనే ఆర్కిడ్ ఆకులు రమ్ములో నెలలపాటు నానేసి ఇంటింటా చేసుకుంటారు. మనవాళ్ళు చెరకు నరికిన సముద్రపు గాలుల్లోనే ఆ అలవాటు పెరిగింది.

ఇదంతా చెప్పుకుంటూ కూర్చుంటే బాగానే ఉంది. కానీ నేను బ్యాంకువాణ్ణి, రిపోర్టులో ఆఖరి పేజీ ముందు చూడటం నాకు జబ్బు. యంత్రాలు, లైసెన్సు, ఎక్సైజు, సీసాలు, చీటీలు అన్నీ రాశాడు. ఆఖరి పేజీలో 'హామీ' అన్న చోట ఒకే ఒక్క లైను. భద్రావతి పేటలో రెండుగదుల ఇల్లు, తల్లి పేరు మీద.

"అమ్మకు చెప్పావా?"

"లేదు సార్. మీరు జెప్తే ఇంటదని..."

అప్పుడు తెలిసింది నన్ను ఎందుకు పిలిచాడో.

ఇక్కడ నేను కొంచెం వెనక్కి వెళ్ళాలి. వాళ్ళ నాన్న ఒక మిల్లులో పనిచేసి, అది మూతపడ్డాక మగ్గం షెడ్డులో కూలికి కుదిరాడు. చేతి పని బంగారం అనేవారు. కానీ సాయంత్రమైతే హాత్‌భట్టీ. ఆ మాట మీలో కొందరికి తెలియకపోవచ్చు. చేత్తో పెట్టిన బట్టీ అని అర్థం, మన గుడుంబాకు అది అక్క. ఊరి చుట్టూ తండాల్లో డ్రమ్ముల కొద్దీ కాచేవారు. నల్లబెల్లం, చెడిపోయిన పండ్లు, తొందరగా పులవడానికి నవసాగరం. చెరకు బెల్లమే కాబట్టి, పండ్లు కూడా వేశారు కాబట్టి, పద్దు ప్రకారం చూస్తే అదీ పండ్ల రమ్మే! తేడా ఎక్కడంటే, బుద్ధిగా చేసేవాడు బట్టీలో ముందు దిగేదాన్ని పారబోస్తాడు. మొదటి ధారలో విషం ఎక్కువ. తండా డ్రమ్ము దగ్గర పారబోసేంత తీరిక ఎవరికుంది, పారబోస్తే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

2004లో అతనికి మూతపడిన మిల్లు నుంచి రావలసిన బకాయి సొమ్ము మా బ్రాంచిలో అతని ఖాతాకు జమైంది. ఆ మధ్యాహ్నమే ఆమె వచ్చింది, చేతివేళ్ళకు ఇంకా పొగాకు దుమ్ము. కొంగుముడి విప్పి పసుపురంగు రేషను కార్డు, పెళ్ళిఫోటో నా బల్ల మీద పెట్టింది. "సారూ, గా పైసలు ఆయనకు ఇయ్యకుండ్రి. నా పేరు మీద ఏయ్యిండ్రి. ఇద్దరు పిల్లలున్నరు" అంది. నేను రూలు చెప్పాను. ఖాతా ఆయన ఒక్కడి పేరు మీద ఉందమ్మా, ఆయన సంతకం పెట్టి అడిగితే ఆపే అధికారం బ్యాంకుకు లేదు అన్నాను. అది నిజం, ఇప్పుడు అడిగినా అదే చెబుతాను. కానీ ఆయన్ని పిలిపించి జాయింటు ఖాతా చేయించండని మాట సాయం చేయవచ్చు. కొంత ఫిక్సెడ్‌లో వేయించవచ్చు. ఆ రోజు క్లోజింగు ఉంది. చేయలేదు. అయిదు నెలల్లో ఆ ఖాతాలో కనీస నిల్వ మాత్రం మిగిలింది. ఆ డెబిట్ వోచర్లలో మూడో నాలుగో నా సంతకంతోనే పోయాయి. నేను బదిలీ అయిన మరుసటి ఏడు అతను పోయాడని విన్నాను.

షెడ్డు నుంచి ఇంటికి నడిచివెళ్ళాం. కుర్రాడు తొక్క రమ్ము సీసా సంచిలో పెట్టుకున్నాడు, దాచి చెప్పడం కన్నా చూపించి చెప్పడమే మేలని. దారిలో ఒక మాట అడిగాను. ఈ ఊరికి సారాతో పాత కక్ష ఉంది, తెలుసా అని. బళ్ళో చదివానన్నాడు. 1930 మేలో గాంధీగారిని అరెస్టు చేశాక, 8వ తేదీన జనం రూపాభవానీ గుడి వైపు శింది చెట్లు, అంటే మన ఈత చెట్లు, నరకడానికి పోయారు. అక్కడ మొదలైన గొడవ పోలీసు కాల్పుల దాకా వెళ్ళింది. ఊళ్ళో మార్షల్ లా పెట్టారు. మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, కుర్బాన్ హుస్సేన్ అనే నలుగురిని 1931 జనవరి 12న యెరవాడ జైలులో ఉరితీశారు. నాలుగు రోడ్ల కూడలిలో వాళ్ళ విగ్రహాలు చూసే ఉంటారు. మనవైపు కూడా 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించబట్టే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి. రెండేళ్ళకే సడలిపోయిందనుకోండి. సోలాపూర్ చుట్టుపక్కల తండాల్లో కూడా 2021లో అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు తేజస్వీ సాత్‌పుతే 'ఆపరేషన్ పరివర్తన్' అని మొదలుపెట్టి, బట్టీలు పగలగొట్టడంతో ఆగక, కాచే కుటుంబాలకు కుట్టుపనీ అదీ చూపించారు. ముళేగావ్ తండా పేరు అప్పుడు పేపర్లలో మారుమోగింది.

"అవన్నీ వేరు, నాది వేరు సార్. నేను చేసేది చీప్ మందు గాదు" అన్నాడు కుర్రాడు. నేను జవాబు చెప్పలేదు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

ఆమె గడపలోనే ఉంది. జుట్టు తెల్లబడింది, చాట అదే. "సారూ, మంచిగున్నరా? ఎన్నేండ్లాయె!" అని లేచింది. టీ వచ్చింది, కడక్ రొట్టె వచ్చింది, మా పిల్లల చదువుల సంగతి వచ్చింది. కుర్రాడు ఇక ఉండబట్టలేక సీసా తీసి ఆమె ముందు పెట్టాడు. అంతా చెప్పాడు. ఇల్లు సంగతి మాత్రం ఆఖర్న, గొంతు తగ్గించి.

ఆమె సీసా మూత తీసి వాసన చూసింది. మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

"నవసాగరం ఏసిన్రా గిండ్ల?"

"లేదమ్మ. దానిమ్మ పొట్టు."

"సీసెంత?"

"రెండువేల మీద పడుతది."

ఆమె కాసేపు ఆలోచించింది. "అయితె మన గల్లీవోళ్ళు కొనరు" అంది. ఆ మాటలో నిట్టూర్పు ఉందో, ఊరట ఉందో నేను చెప్పలేను. "మీ నాయిన బతికున్నా గీ సీస దిక్కు సూడకపోవు. కీసల గన్ని పైసలేడియి?"

కుర్రాడికి కొంత ధైర్యం వచ్చింది. నా వైపు చూశాడు. ఆమె కూడా నా వైపే తిరిగింది.

"సారూ, గప్పుడు నేనొస్తే మీరు రూల్ జెప్పిన్రు. తప్పు జెప్పలే. గిప్పుడు గుడ నా కొడుక్కి రూలే జెప్పుండ్రి. ఇల్లు కాయితం మీద పెట్టినంక ఏమైతది?"

ఇరవై ఏళ్ళ తర్వాత నా బల్ల ముందు మళ్ళీ నిలబడినట్టే ఉంది. ఈసారి క్లోజింగు లేదు. చెప్పాను. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద, బాకీ మొండిదైతే బ్యాంకు కోర్టుకు కూడా పోనక్కరలేదు, అరవై రోజుల నోటీసు ఇచ్చి తనఖా ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు అన్నాను. లైసెన్సు రాకముందే అప్పు మొదలవుతుంది, లైసెన్సు ఎప్పుడు వస్తుందో బ్యాంకు చెప్పలేదు, వడ్డీ మాత్రం ఆగదు అన్నాను. పీపాలో రమ్ము మాగడానికి ఏళ్ళు కావాలి, వాయిదా నెలనెలా కావాలి, ఈ రెండు క్యాలెండర్లు కలవవు అన్నాను. పెద్ద డిస్టిలరీలు ఆ వడ్డీ మోయగలవు, బీడీల మీద కట్టిన ఇల్లు మోయలేదు అన్నాను. బ్యాంకు ఉద్యోగంలో ఇన్నేళ్ళలో ఇంత వివరంగా ఎవరికీ చెప్పలేదేమో.

కుర్రాడి మొహం వాడిపోయింది. అప్పుడు నాకు తోచింది ఒకటి చెప్పాను. రమ్ము నువ్వు చేయకు, రమ్ములో వేసేది చెయ్యి. దానిమ్మ తొక్క సారం, రేగుపండు సారం, వేయించిన జొన్న సారం చిక్కగా తీసి ఇప్పటికే లైసెన్సు ఉన్న డిస్టిలరీలకు అమ్ము. అది ఆహారశుద్ధి కిందకు వస్తుంది, ఎక్సైజు గొడవ ఉండదు. ముద్రా అప్పుకు తనఖా అడగరు. చిన్న ఆహార యూనిట్లకు 2020లో కేంద్రం పెట్టిన పథకంలో ఖర్చులో 35 శాతం, పది లక్షలు మించకుండా సబ్సిడీ కూడా ఉంది.

"అయితే సీస మీద పేరు ఇంకొకనిది ఉంటది సార్" అన్నాడు. అది కూడా నిజమే. సోలాపూర్ దుప్పటి నేసినవాళ్ళ పేరు దుప్పటి మీద ఏనాడూ లేదు. ఆ మాట నేను అనలేదు, అతనికి తెలియనిది కాదు. ఆలోచిస్తానన్నాడు. ఒప్పుకున్నట్టు కాదు, ఒప్పుకోనట్టూ కాదు.

"ఇల్లు మాత్రం పెట్ట" అంది ఆమె, ఇద్దరినీ చూడకుండానే. ఆ విషయం అంతటితో అయిపోయింది.

చీకటి పడుతోంది. ఎదురింటి షెడ్డులో మగ్గాలు ఖటఖటలాడుతున్నాయి. నేను లేవబోతుంటే ఆమె ఆ సీసా మళ్ళీ అందుకుంది. మూతలో రెండు చుక్కలు వంపుకుని, చిటికెన వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. కుర్రాడు నోరు తెరిచి చూస్తున్నాడు. తన జీవితంలో ఆమె ఆ పని చేయడం అతను చూసి ఉండడు.

"తియ్యగుంది" అంది.

తర్వాత పెరట్లోకి వెళ్ళి నోరు మూడుసార్లు పుక్కిలించి వచ్చింది. చాట ముందు కూర్చుని కట్ట చేతిలోకి తీసుకుంది. ఎక్కడి దాకా లెక్కపెట్టిందో మరిచిపోయినట్టుంది. విప్పి, ఒకటి నుంచి మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టింది.